కాళేశ్వరపు పేరు పలకలు

మహాదేవపురము మీదుగా కాళేశ్వరమునకు పోవుచు మేము దారిలోని పేరు పలకలను చదివితిమి. పెక్కింటిపై ‘కాళేశ్వరం’, ఒక టీ దుకాణముపై మాత్రము ‘కాలేశ్వరం’. తోడి విద్యార్థులు నవ్విరి.

నవ్వుటకు ముందు వ్యుత్పత్తి చూడవలెను. గోదావరీ ప్రాణహితల సంగమమందలి ఈ ఆలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. ఒకటి ముక్తీశ్వరునిది, రెండవది యమునిదని ప్రతీతి. యముడనగా కాలుడు, అందున్నది లకారమే. లౌకిక సంస్కృతమున ళకారమే లేదు. కావున దుకాణదారుని ‘తప్పు’ మూలమునకు దగ్గరిది! అయినను కాళిదాసు, శ్రీకాళహస్తి, మంగళము మొదలగువానియందు తెలుగు ళకారమునే స్థిరపరచుకొన్నది. కనుక ప్రసిద్ధరూపమును అపశబ్దమనుట సాహసమే. స్థలనామములను సేకరించు విద్యార్థి మాత్రము రెండింటిని ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనవలెను. దిద్దినచో సాక్ష్యము పోవును.

వంతెన దాటిన సిరొంచ, మహారాష్ట్రము. మరాఠీ వాడుకలో ‘కాల్’ అనగా నిన్న. ‘కాళ్’ అనగా కాలము, మృత్యువు. సంస్కృత సమాసములందు వారును లకారమునే ఉంచుదురు గాని, చమత్కారమునకు చెప్పినచో, మన దుకాణదారుని దేవుడు అచ్చట ‘నిన్నటి ఈశ్వరుడు’.

ఆంగ్ల లిపి పలకలకు ఈ చిక్కు లేదు. ల, ళలకు అందొకటే అక్షరము. దుకాణపు లకారము వ్యుత్పత్తి తెలిసి వచ్చినది కాక, ఆ పలకలను చూచి తిరిగి తెలుగు చేయుటవలన వచ్చినదని మా ఊహ.