పదహారు జౌళ్ళ తుపాకి

ఇంగ్లండ్‌లో వేసవి సాయంత్రం పొలం గట్టున బోర్లా పడుకుని కుందేళ్ళ కోసం కాచుకునే మనిషి చేతిలోని ఎయిర్ రైఫిల్‌కి అక్కడి చట్టం ఒక గీత గీసింది. గొట్టం నుంచి బయటపడేటప్పుడు గుండుకు ఉండే శక్తి 12 అడుగు-పౌండ్లు, అంటే 16.27 జౌళ్ళు దాటకూడదు. దాటితే అది లైసెన్స్ కావలసిన ఆయుధమే. కిలో బెల్లం దిమ్మను మనిషి ఎత్తు నుంచి వదిలేస్తే నేలను తాకే క్షణంలో దానికి ఉండే శక్తి దాదాపు ఇంతే. మందుగుండుతో పేలే మామూలు .22 రైఫిల్ తూటాకు దీనికి ఎనిమిది తొమ్మిది రెట్ల శక్తి ఉంటుంది. ఇంత తక్కువ బలంతో ఒక జంతువును బాధ తెలియనివ్వకుండా చంపాలంటే ఆ శక్తంతా గురి పెట్టిన చోటే పడాలి. కాస్త పక్కన పడినా ఆ ప్రాణి గాయంతో బొరియలోకి పాకి గంటల తరబడి చస్తుంది. గాలిని ఎక్కడ దాచాలి, ఎలా వదలాలి, ప్రతిసారీ ఒకేలా ఎలా వదలాలి అన్న మూడు ప్రశ్నలతోనే నాలుగు వందల ఏళ్ళుగా ఈ యంత్రం పెరుగుతూ వచ్చింది.

మిగిలి ఉన్న గాలి తుపాకుల్లో అతి పాతది స్టాక్‌హోంలోని రాచ ఆయుధాల మ్యూజియంలో ఉంది. 1580 ప్రాంతానిది. అందులో ఒక తిత్తి ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఒక్క ఊపున నొక్కితే గాలి గొట్టంలోకి దూకి గుండును తోస్తుంది. తోలు తిత్తి ఇచ్చే ఒత్తిడి ఎంతని! అందుకే తర్వాతి పనివాళ్ళు గాలిని ముందుగానే పంపుతో కొట్టి లోహపు బుడ్డిలో బంధించే దారి పట్టారు. ఆ దారిలో అందరికంటే ముందుకు వెళ్ళినవాడు టైరోల్ ప్రాంతానికి చెందిన బార్తొలొమేయో జిరార్డోని.

ఆయన చేసిన రైఫిల్‌ని ఆస్ట్రియా సైన్యం 1780 నుంచి వాడింది. దాని వెనక బట్ భాగమే గాలిబుడ్డి. భుజానికి ఆనించుకునే ఆ భాగం ఇనుప రేకును గుండ్రంగా చుట్టి అతికిన డొల్ల. మరమీద తిప్పి ఊడదీసి, చేతి పంపుకు తగిలించి, దాదాపు 1,500 సార్లు కొడితే నిండేది. గొట్టం పక్కన ఇరవైకి పైగా సీసపు గుండ్లు పట్టే మరో సన్న గొట్టం. తుపాకి మూతి పైకెత్తి ఒక చిన్న దిమ్మను పక్కకు నొక్కితే గుండు తనంతట తాను జారి స్థానంలో కూర్చునేది. మామూలు సిపాయి మందు పోసి, గుండు దూర్చి, కడ్డీతో దట్టించి నిమిషానికి రెండో మూడో పేల్చే రోజుల్లో ఈ రైఫిల్ పట్టుకున్నవాడు పడుకున్నచోటు నుంచి లేవకుండా ఇరవై గుండ్లు పంపగలిగేవాడు. పొగ లేదు, మంట లేదు, వానకు తడిసే మందు లేదు. నా దృష్టిలో పద్దెనిమిదో శతాబ్దపు యంత్ర నైపుణ్యానికి గడియారాల తర్వాత చెప్పుకోవలసిన వస్తువు ఇదే.

అమెరికాలో 1804-06 మధ్య పసిఫిక్ తీరం దాకా సాగిన లూయిస్, క్లార్క్ యాత్రలోనూ ఒక గాలి రైఫిల్ ఉంది. అది జిరార్డోని రకమేనని ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. దారిలో కలిసిన తెగల పెద్దల ముందు లూయిస్ దాన్ని పేల్చి చూపించేవాడు. 1803 ఆగస్టు చివర, యాత్ర ఏర్పాట్లలో పిట్స్‌బర్గ్ నుంచి పడవ కదిలిన తొలిరోజే, దాన్ని చూస్తానని చేతిలోకి తీసుకున్న ఒకాయన పొరపాటున పేల్చాడు. నలభై గజాల దూరంలో ఉన్న ఒక మహిళ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత చీరింది. ఆమె చనిపోయిందనే అందరూ అనుకున్నారు. కాసేపటికి తేరుకుంది. ఇదంతా లూయిస్ డైరీలో ఉంది. గాలి తుపాకిని ఆటవస్తువు అనుకునేవాళ్ళకు చెప్పవలసిన సంగతి.

ఇంత గొప్ప రైఫిల్‌ని సైన్యం 1815 నాటికి వదిలేసింది. రేకు అతుకుల్లోంచి గాలి కారేది. తోలు వాషర్లు ఎండితే బిగువు పోయేది. బాగుచేయడానికి గడియారాల పనివాడంతటి నేర్పు కావాలి. పైగా బుడ్డి ఖాళీ అవుతున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, మొదటి గుండు వెళ్ళినంత బలంగా ఇరవయ్యోది వెళ్ళేది కాదు. ఆలోచనలో లోపం లేదు. దాన్ని మోయగల ఉక్కు, రబ్బరు అప్పటికింకా పుట్టలేదు.

తర్వాతి మలుపు గాలిని దాచడం పూర్తిగా మానేయడం. గాలికి బదులు బలాన్ని స్ప్రింగులో దాచి, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే గాలిని నొక్కితే సరిపోతుంది కదా! అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ప్లిమత్ ఊళ్ళో రైతులకు ఇనుప గాలిమరలు చేసి అమ్మే ఒక కంపెనీ 1880ల చివర గాలిమరతోపాటు ఇలాంటి చిన్న తుపాకిని కానుకగా ఇవ్వడం మొదలుపెట్టింది. కానుకకే గిరాకీ ఎక్కువై 1895లో కంపెనీ పేరునే డైసీగా మార్చుకున్నారు. పెద్దవాళ్ళు నమ్మి పట్టుకోగల రైఫిల్ మాత్రం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. అక్కడి తుపాకుల పనివాడు లింకన్ జెఫ్రీస్ 1904లో పేటెంట్ తీసుకున్నాడు. గొట్టం కదలకుండా బిగించి ఉంటుంది, దాని కింద ఉన్న లీవర్ లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. మరుసటి ఏడాది నుంచి బి.ఎస్.ఎ. కార్ఖానా దాన్ని తయారుచేసింది. నేటికీ స్ప్రింగు రైఫిళ్ళ అస్థిపంజరం దాదాపు అదే.

ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపల జరిగేదాన్ని కాస్త ఆగి చూడాలి. అంతా సెకనులో వందో వంతు సమయంలో అయిపోతుంది. పట్టు వదలగానే స్ప్రింగు విచ్చుకుని బరువైన పిస్టన్‌ను ముందుకు విసురుతుంది. ఆ విసురుకు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. సిలిండర్‌లో ఉన్న గాలికి బయటపడే దారి ఒక్క సన్నని రంధ్రమే, దాని అవతల గుండు అడ్డం. గాలి నలిగి, ఒక్కసారిగా వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు అడుగున చెయ్యి కాలేది ఈ కారణంగానే, ఇక్కడ మాత్రం ఆ వేడి వందల డిగ్రీలకు చేరుతుంది. పిస్టన్ దాదాపు చివరికి వచ్చాక గానీ గుండు కదలదు. కదిలేలోగా పిస్టన్ నలిగిన గాలి మెత్త మీద వాలి కొద్దిగా వెనక్కి ఎగురుతుంది. అప్పుడు రైఫిల్ ముందుకు తన్నుతుంది. వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి పడే ఈ జంట దెబ్బకు, పెద్ద తుపాకులకోసం చేసిన టెలిస్కోపులు సైతం లోపల వదులైపోతాయి. ఇంగ్లండ్‌లో కార్డ్యూ అనే తండ్రీకొడుకులు గాలికి బదులు నైట్రోజన్ నింపి పేల్చి చూస్తే గుండు వేగం బాగా పడిపోయింది. సిలిండర్‌లోని నూనె తుంపరలు ఆ వేడికి కొంత మండి బలాన్నిస్తున్నాయన్నమాట, డీజిల్ ఇంజను తీరున. నూనె ఎక్కువైతే పెద్ద చప్పుడుతో పేలి గుండు ఎటో పోతుంది. స్ప్రింగు రైఫిల్‌ని బిగించి పట్టుకోకూడదని, అరచేతి మీద వదులుగా ఆన్చి దాని కదలికను దానికే వదిలేయాలని పాతవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఇక గుండు. నడుము సన్నగా, వెనక పావడాలా విచ్చుకుని ఉండే మెత్తటి సీసపు పెల్లెట్. గాలి ఒత్తిడికి ఆ పావడా అంచు విప్పారి గొట్టంలోని మెలి తిరిగిన గాళ్ళను కరుచుకుంటుంది. ఎగిరేటప్పుడు వెనక భాగం గాలిని పట్టుకుని మూతిని ముందుకే ఉంచుతుంది. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అర గ్రాము తూగుతుంది, చట్టం గీతకు లోబడి సెకనుకు 240 మీటర్ల దాకా వెళుతుంది. 5.5 మిల్లీమీటర్లది గ్రాము, వేగం సుమారు 180 మీటర్లు. రెండూ ధ్వని వేగం కంటే బాగా తక్కువ, కనుక గాలిని చీల్చే ఆ ఠపీమన్న మోత ఉండదు.

మనకు ఈ యంత్రం జాతరలో బెలూన్లు కొట్టే అంగడిలో పరిచయం. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకం గెలిచాడు. ఆ పోటీలో పదికి పది ఇచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. మన దేశంలో 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ళ లోపు ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు, కానీ మన చేలల్లో తిరిగే కుందేలు మీద దాన్ని ఎక్కుపెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది యూరప్ కుందేలు జాతి కాదు కూడా. మనది బొరియ తవ్వదు, గడ్డిలో ఒంటరిగా పడుకుంటుంది. వాళ్ళది గుంపులుగా నేలను తొలిచేస్తుంది.

ఆ తొలిచేదాన్ని మాంసానికీ బొచ్చుకూ నార్మన్ల కాలంలో బ్రిటన్‌లో కట్టల మధ్య పెంచారు. కట్టలు దాటి వెళ్ళినవి దేశమంతా పరుచుకున్నాయి. నెల రోజుల గర్భం, ఈనిన వెంటనే మళ్ళీ చూలు. ఏడెనిమిది కుందేళ్ళు కలిసి ఒక గొర్రె మేసినంత మేస్తాయని అక్కడి రైతుల లెక్క. మొలకెత్తిన గోధుమను అంచు నుంచి లోపలికి నున్నగా కొరుక్కుంటూ పోతాయి, చలికాలం లేత చెట్ల బెరడు ఒలుస్తాయి. 1953లో మిక్సొమటోసిస్ అనే వైరస్ రోగం కెంట్ ప్రాంతంలో బయటపడి, రెండు మూడేళ్ళలో దేశంలోని కుందేళ్ళలో వందకు తొంభై తొమ్మిదింటిని తుడిచిపెట్టింది. వాపుతో కళ్ళు మూసుకుపోయి రోడ్ల మీద తడుములాడుతూ చచ్చే జంతువులను చూసి జనం తట్టుకోలేకపోయారు. 1954 చట్టం ఆ రోగాన్ని కావాలని అంటించడాన్ని నేరం చేసింది, అదే చట్టం కింద తన భూమిలో కుందేళ్ళను అదుపులో ఉంచడం రైతు బాధ్యత అయింది. విషవాయువు, వల, బొరియల్లోకి వదిలే ఫెరెట్, తుపాకి ఏదైనా సరే. అశ్వశాలల పక్కన, ఇళ్ళ వెనక, గోల్ఫ్ మైదానాల్లో పెద్ద తుపాకి పేల్చలేని చోట ఎయిర్ రైఫిల్‌కు స్థానం దొరికింది.

ఆ పనిలోకి దిగాక జిరార్డోని తిరిగి వచ్చాడు. 1980లలో బ్రిటన్ తయారీదారులు మళ్ళీ బుడ్డి దారి పట్టారు. ఈసారి గొట్టం కింద అతుకులేని లోహపు సిలిండర్, రబ్బరు రింగులు, నింపడానికి సముద్రంలో మునిగేవాళ్ళ గాలి ట్యాంకు. జిరార్డోని బుడ్డిలో సుమారు 55 బార్ ఒత్తిడి ఉంటే ఇందులో 200. చిన్న సుత్తి వాల్వును తట్టగానే లెక్క ప్రకారం కొద్ది గాలి బయటికి వస్తుంది. బుడ్డి నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడే వాల్వును గట్టిగా మూసేస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ వాల్వు ఎక్కువసేపు తెరుచుకుంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుకునే మధ్య భాగంలో గుండ్లన్నీ ఒకే వేగంతో వెళతాయి. దీనికి ఒత్తిడిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ కూడా చేరాక మొదటి గుండుకూ నలభయ్యో గుండుకూ తేడా పట్టుకోవడం కష్టం. బరువైన పిస్టన్ లేదు కనుక తన్నుడూ లేదు. ఆస్ట్రియా సైన్యం పారేసిన ఆలోచన రెండు వందల ఏళ్ళకు తన లోహాన్ని తాను వెతుక్కుంది.

జూన్, జూలైలలో ఇంగ్లండ్‌లో రాత్రి తొమ్మిదికి గానీ పొద్దు గుంకదు. అంతకు గంటన్నర ముందు పొదల కంచె నీడ గడ్డి మీదికి సాగుతుండగా కుందేళ్ళు వస్తాయి. ముందు పిల్లలు, బొరియ నోటికి నాలుగడుగుల్లోనే. ఆ తర్వాత పెద్దవి. షూటర్ అప్పటికే భూమి యజమాని అనుమతితో, గాలి తనవైపు వీచేలా చూసుకుని చేరి ఉంటాడు. నేల మీద బూటు గట్టిగా పడినా అటువైపు ఒక పెద్ద కుందేలు వెనక కాలితో దబ్బుమని నేలను కొడుతుంది. ఒక్క దెబ్బకు గడ్డి ఖాళీ. దూరం ఇరవై అయిదు, ముప్పై మీటర్లకు మించనివ్వడు. 5.5 పెల్లెట్ 40 మీటర్లు చేరడానికి పావు సెకను పడుతుంది, ఆలోగా 30 సెంటీమీటర్లు కిందికి వాలుతుంది. దూరాన్ని అయిదు మీటర్లు తప్పుగా అంచనా వేస్తే చాలు, తలకు పెట్టిన గురి దవడకు తగులుతుంది. కంటికీ చెవికీ మధ్య మూడు సెంటీమీటర్ల వలయంలో, తాను పేల్చే దూరం నుంచి వరుసగా కాగితం మీద కొట్టలేనివాడు పొలంలోకి రాకూడదన్నది అక్కడి మంచి షూటర్ల కట్టుబాటు. కుందేలు వెనక మట్టికట్ట ఉండాలి. రాయి ఉంటే పెల్లెట్ తిరిగి ఎగురుతుంది.

ఇలా నాలుగో అయిదో దొరికే సాయంత్రం మంచి సాయంత్రమే. దానితో పొలం బాగుపడిపోతుందని మాత్రం నేను నమ్మను. పిల్లల కాలంలో తీసిన అయిదింటి లోటు నెల తిరక్కుండా పూడుతుంది. పాలిచ్చే తల్లి చస్తే బొరియలో కళ్ళు తెరవని పిల్లలు ఆకలితో పోతాయి. అసలు పని జరగవలసింది నవంబరు నుంచి మార్చి దాకా, ఈనక ముందు. దానికి తోడు కింది అంచు బయటికి మడిచి నేలలో పూడ్చిన తీగ వల కంచె ఉండాలి. కంచె చాలని మూలల్లో, కంచె కట్టలేని చోట్ల మిగిలిన కొద్ది జంతువులకు ఎయిర్ రైఫిల్ సరైన పనిముట్టు. వందల కుందేళ్ళున్న గుట్టకు కాదు.

అలాంటి గుట్టలు కూడా తరిగిపోతున్నాయి. కుందేళ్ళకు రక్తస్రావం తెచ్చే మరో వైరస్ 1990లలో బ్రిటన్ అడవి కుందేళ్ళలోకి, దాని కొత్త రకం 2010 తర్వాత వచ్చాయి. 1996, 2018ల మధ్య అక్కడి సర్వేల్లో కుందేళ్ళ సంఖ్య అరవై శాతానికి పైగా పడిపోయింది. ఈ జాతికి పుట్టిల్లయిన స్పెయిన్, పోర్చుగల్‌లలో దాన్ని 2019లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. అక్కడి లింక్స్ పిల్లికి అదే తిండి. ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్, సఫోక్ కౌంటీల మధ్య బ్రెక్స్ అనే ఇసుక నేలల్లో కుందేళ్ళు మేయడం తగ్గేసరికి గడ్డి పొడుగై, పొట్టి గడ్డి మధ్యే బతికే అరుదైన మొక్కలు కనుమరుగవుతున్నాయి. ప్రకృతి సంరక్షకులు అక్కడ కొమ్మలు నరికి కుప్పలు వేసి, మట్టికట్టలు పోసి, ఉన్న కుందేళ్ళకు నీడా బొరియలకు చోటూ కల్పిస్తున్నారు. ఆ చుట్టుపక్కలే ఒక రైతు ఇప్పటికీ గోధుమ అంచుకు తీగ కంచె వేసుకుంటున్నాడు, కంచె పట్టని మూలకు రైఫిల్ ఉన్నవాణ్ణి పిలుస్తున్నాడు.