పాదముల వాపు - గుండె మొర

నిరుడు మా అత్తగారి పాదములు సాయంకాలమునకు వాచి, వ్రేలితో నొక్కినచో గుంట పడుచుండెడిది. రాత్రులు వెల్లకిల పరుండిన ఊపిరి యాడక లేచి కూర్చుండెడివారు. మేము వార్ధక్యమని తలచితిమి. నోరు చప్పగా నున్నదనగా మామిడికాయ యూరగాయ మరికొంత వడ్డించితిమి. అది ప్రేమయే, కాని అజ్ఞానము. తుదకు వైద్యులు పరీక్షించి, గుండె బలము తగ్గినదని చెప్పిరి.

గుండె దినమునకు సుమారు లక్ష మారులు కొట్టుకొనును. రక్తపుపోటు వలనగాని, రక్తనాళములు పూడుట వలనగాని దాని కండ నీరసించినచో దేహమునకు రక్తము చాలినంత అందదు. అప్పుడేమి జరుగునో మా యూరి దృష్టాంతముతో చెప్పెదము.

మా మహమ్మద్ నగరమునకు దాపున, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము గలదు. జలాశయము నిండియున్నను తూము చెడినచో కాలువ చివరి రైతునకు నీరందదు; అతడు సాగరమే యెండినదని తలచును. మూత్రపిండములును అట్లే భ్రమపడును. తమకు రక్తము తక్కువగా వచ్చుట చూచి, దేహమున నీరు లేదని యెంచి, రెనిన్ అను పదార్థమును విడుచును. దాని ప్రేరణచే ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్ అనునవి పుట్టి, రక్తనాళములను బిగించి, ఉప్పును నీటిని దేహమున నిలుపును. నరములును గుండెను త్వరపెట్టును.

గాయపడి రక్తము పోయినవానికి ఈ యేర్పాటు ప్రాణరక్షణము. నెలల తరబడి సాగినచో ఇదియే శత్రువగును. మిగిలిన నీరు పాదములకును ఊపిరితిత్తులకును చేరును. గుండె గది సాగి, కండ నడుమ గాయపు మచ్చవంటి గట్టి నార పెరుగును. కండకు శక్తినిచ్చు పదార్థములును తరుగును. వానిలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలసి ప్రకటించినవారు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

కావున అలసిన యెద్దును ములుకోలతో పొడుచుట కాదు, మూత్రపిండముల భ్రమ నణచుటయే నేటి చికిత్సకు మూలము. మూత్రము జారీచేయు మందు నీటిని తీయును. తక్కిన మందులలో పెక్కు పైన చెప్పిన పదార్థముల నడ్డగించును. వాపు తగ్గినదని మనంతట మనము వానిని మాన్పింపరాదు. ప్రతి ఉదయము బరువు చూడవలెను; 3 దినములలో 2 కిలోలు పెరిగినచో వైద్యునికి చెప్పవలెను.

ఉప్పు మాత్రము మన చేతిలోనిది. ఆరోగ్యవంతులకే దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇప్పుడు మా యత్తగారి కూరకు నిమ్మరసము, కొత్తిమీర రుచి నిచ్చుచున్నవి. మొదట విసుగుకొనిరి. ఇప్పుడు వారికి ఒక్క నిద్రలో తెల్లవారుచున్నది. ఊరగాయ జాడి అటక నెక్కినది.