మట్టికుండలో దాచిన పత్రం

2021 మే నెల. కోవిడ్ రెండో విడత పల్లెల్ని కూడా వదలని రోజులు. మా సంఘంలో ఒక రైతు సోదరుడు పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. సమాధి దగ్గర నలుగురైదుగురమే ఉన్నాం. పాట లేదు, ఆదరణ కూడిక లేదు. వారం తరువాత గుమ్మం బయటే నిలబడి ఆ ఇంటివారి కోసం ప్రార్థన చేశాను. 'ఆమేన్' అనగానే అతని భార్య లోపలి గోడకేసి చూపించి, "అయ్యగారూ, ఈ ఏడాది మాకొచ్చిన వాగ్దానం అదేనండి. మీ చేత్తోనే ఇచ్చారు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

గోడ మీద ఉన్నది యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే కుటుంబానికొక వాగ్దానం కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఆనవాయితీ కదా! దేవుని తలంపులు హాని చేసేవి కావు, సమాధానాన్నిచ్చేవేనని చెప్పే ఆ వచనం చేతికొస్తే ఎవరి ముఖమైనా వెలిగిపోతుంది. ఆ దంపతుల ముఖాలూ వెలిగాయి. ఐదు నెలలైనా తిరగలేదు. నేనేం చెప్పాలి? నోటికొచ్చిన రోమా 8:28 చెప్పి, బండెక్కి వచ్చేశాను. సమస్తం మేలుకోసమే సమకూడుతుందన్న మాట సత్యమే. కాని ఏడ్చేవారితో ఏడవవలసిన పూట (రోమా 12:15) తప్పించుకుపోవడానికి నేనా సత్యాన్ని వాడుకున్నాను. కాపరులమైన మేము తరచూ చేసే తప్పే ఇది. నాకది మొదటిసారి కూడా కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక యిర్మీయా గ్రంథం తెరిచాను. ఆ వాగ్దానం ఎవరికి వచ్చిందో కార్డు మీద అచ్చువేయరు. బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి ప్రవక్త యెరూషలేము నుండి పంపిన ఉత్తరంలోని మాట అది. దాని పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలన్న గడువుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోవాలన్నమాట. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించిన హనన్యా (28వ అధ్యాయం) ఆ రోజుల్లో జనానికి ఎంత నచ్చి ఉంటాడో ఊహించండి. దేవుడు మాత్రం ఆ పరదేశంలోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. మనం 11వ వచనాన్ని గోడకు తగిలించుకుని 10వ వచనాన్ని కత్తిరించి పారేశాం.

ఇతరులకు అలా రాసిన యిర్మీయాకు తన వంతు కూడా వచ్చింది. 32వ అధ్యాయం చూడండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. గోడల ఎదుట ముట్టడి దిబ్బలు లేచాయి. లోపల కత్తి, కరువు, తెగులు. పట్టణం పడిపోతుందని నిజం చెప్పినందుకు ప్రవక్తను రాజైన సిద్కియా చెరసాల ప్రాకారంలో ఉంచాడు. అలాంటప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం నువ్వు కొనుక్కో అన్నాడు. అనాతోతు అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరం. శత్రువు తిరుగుతున్న నేల. ఈ బేరాన్ని మన ఊళ్లో ఏ రియల్ ఎస్టేటు మనిషీ ముట్టుకోడు! అది దేవుని మాటేనని గ్రహించిన యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పెట్టి పత్రం రాయించాడు. ముద్ర వేసినదీ, వేయనిదీ రెండూ బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో 1947లో బయటపడిన ప్రాచీన గ్రంథపు చుట్టల్లో కొన్ని దాదాపు రెండు వేల ఏళ్లు భద్రంగా ఉన్నది మట్టిజాడీల్లోనే. పాతకాలంవారికి కుండ విలువ బాగా తెలుసు.

నాకు మరీ ఇష్టమైనది ఆ తరువాతి భాగం. పత్రం భద్రం చేయించాక ప్రవక్త మోకరించాడు. నీకు అసాధ్యమైనదేదీ లేదు ప్రభువా అని మొదలైన ఆ ప్రార్థన, చివరికొచ్చేసరికి, ఆ దిబ్బలు నువ్వూ చూస్తున్నావు కదా, ఊరు కల్దీయుల పాలవుతుంటే నన్ను పొలం కొనమంటావేమిటి అన్న ధోరణిలోకి వెళ్లింది (32:16-25). సందేహం తీరాక ఆయన కొనలేదు. కొన్న తరువాత సందేహం అడిగాడు. అలా అడిగినందుకు దేవుడు కోపపడనూ లేదు.

మన తెలుగు బైబిలులో దీనికి 'నిరీక్షణ' అన్న మాట వాడారు. ఎంతో బరువైన మాట. హెబ్రీ భాషలో 'తిక్వా' అంటారు. రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రని దారం దగ్గర కూడా ఇదే పదం ఉంది (యెహోషువ 2:18). కూలబోయే గోడకున్న కిటికీకి వేలాడే దారం! రేపు పరిస్థితి బాగుపడుతుందన్న అంచనా వార్తల్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. నిరీక్షణకు మాత్రం అవతలి కొస దేవుని చేతిలో ఉంటుంది. అపొస్తలుడైన పేతురు దాన్ని యేసుక్రీస్తు పునరుత్థానానికే ముడివేశాడు (1 పేతురు 1:3).

యిర్మీయా ఆ పొలంలో ఒక్క చాలు కూడా దున్నలేదు. క్రీ.పూ. 586లో పట్టణం కూలింది. ఆ తరువాత జనం ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. కాని చెర నుండి తిరిగొచ్చినవారి లెక్క ఎజ్రా గ్రంథంలో ఉంది. పేర్లూ అంకెలూ ఉన్న అధ్యాయమని మనం పేజీ తిప్పేస్తాం. అందులో అనాతోతువారు 128 మంది (2:23).

మన తెలుగు నేల మీద కూడా ఇలా కొండంత కష్టంలో పని మొదలుపెట్టినవారున్నారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో ఆరంభమైంది. ఫలితం లేదు, మూసేద్దామని వారి దేశంలో పలుమార్లు చర్చకొచ్చింది. 1854 నూతన సంవత్సర దినాన తెల్లవారకముందే లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు స్థానిక విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, చుట్టూ ఉన్న పల్లెల కోసం ప్రార్థించారు. ఒంగోలుకు జాన్ క్లౌ వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! ఆ పైన 1876-78 నాటి ధాత కరువు. దక్షిణ భారతంలో లక్షలాదిమంది చనిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. కూటికోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో మేము ఆ అంకెనే పదే పదే చెబుతుంటాం. నా కళ్లకు మాత్రం ఆ పలుగులూ పారలూ, మట్టి తట్టలూ ఎక్కువగా కనిపిస్తాయి.

ఆ సోదరి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రసంగమేమీ చేయలేదు. ఆ రోజు తొందరపడ్డానమ్మా, క్షమించమన్నాను. 29వ అధ్యాయం మొదటినుండీ చదివాను. "డెబ్బై ఏళ్లా అయ్యగారూ!" అంటూ ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జూలైలో ఫోన్ చేసింది. "మా మరిది చేత నారు పోయించానండి. కౌలు డబ్బు ఆయన ముందే కట్టేశారు. బీడు పెట్టబుద్ధి కాలేదు. పండుద్దో లేదో నాకు తెలీదు. ఊడ్పులకు ముందు ఒకసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్లండి" అంది. వెళ్లాను. గట్టు మీద ముగ్గురం నిలబడ్డాం, ఆమె, ఇంటర్ చదివే కూతురు, నేను. దేవుడు ఆయన్ను ఎందుకు తీసుకెళ్లాడని ఆమె ఆ రోజు కూడా అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను.

తిరుగు ప్రయాణంలో మంచినీళ్లకని ఇంటి దగ్గర ఆగాను. కార్డు గోడ మీద అలాగే ఉంది. దాని పైన ఖాళీగా ఉన్న కొద్దిపాటి చోటులో, 10వ వచనం కూడా కూతురి చేత పెన్నుతో రాయించింది.