మీకు తెలుసా? ఈ పంపులు మహా మొండివి!

మీ ఊళ్లో బోరింగు కొట్టి ఎన్నాళ్లయింది? ఈసారి కొడితే కాస్త లెక్క చూడండి! ఇండియా మార్క్-2 బోరింగు పిడిని పూర్తిగా ఒక్కసారి నొక్కితే వచ్చే నీళ్లు దాదాపు 400 మిల్లీలీటర్లు. బడిపిల్లాడు కొట్టినా అంతే, పహిల్వాను కొట్టినా అంతే! గబగబా కొడితే బిందె త్వరగా నిండుతుంది గానీ, దెబ్బకు పడే నీళ్లు మాత్రం పెరగవు. లోపలున్న గది కొలత అంతే మరి! గదిలో పట్టినన్ని నీళ్లు పట్టు, తలుపు మూయి, ముందుకు నెట్టు. ఇంతే దీని విద్య! ఇలా పనిచేసేవాటిని ఇంజనీర్లు పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపులు అంటారు. మనం మొండి పంపులు అందాం. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది!

రండి, బోరింగు లోపలికి తొంగిచూద్దాం! పిడి చివర ఒక గొలుసు. గొలుసుకు పొడవాటి కడ్డీ. ఆ కడ్డీ కొసన, ఎక్కడో నీళ్లలో మునిగిన సిలిండర్లో, ఓ పిస్టన్. మీరు పిడి నొక్కగానే పిస్టన్ పైకి లేస్తుంది, పైనున్న నీళ్లను ఎత్తుకొస్తుంది. సరిగ్గా అప్పుడే అడుగు వాల్వు తెరుచుకుని కొత్త నీళ్లు లోపలికి దూరతాయి! పిడి ఎత్తగానే కడ్డీ తన బరువుకు తానే దిగిపోతుంది. అడుగు వాల్వు టక్కున మూసుకుంటుంది, పిస్టన్ వాల్వు తెరుచుకుంటుంది. అంతే, మళ్లీ మొదటికి! కరెంటు లేదు, డీజిల్ లేదు. ఉన్నవల్లా రెండు వాల్వులు. వాటితోనే 45 మీటర్ల లోతు నుంచి నీళ్లు పైకి! ‘ఎంత కొట్టినా గాలే వస్తోంది’ అని ఊళ్లో గోల మొదలైతే మెకానిక్ ముందు అనుమానించేది పిస్టన్ వాషర్లనే.

మరి సిలిండరును అంత లోతుకు దించడం దేనికి? పైనే పెట్టి పీల్చేస్తే పోదా? పోదు! కోటి రూపాయల పంపు తెచ్చినా సరే, నీళ్లను పీల్చి 10.3 మీటర్లు దాటించడం ఎవరి తరమూ కాదు! అసలు పంపు నీళ్లను లాగనే లాగదు. అది ఖాళీ చేసిన చోటికి నీళ్లను తోసేది బయటి గాలి. ఆ గాలి సత్తా అంతవరకే!

కింది నుంచి నెట్టడానికి మాత్రం ఆ హద్దు లేదు! ఎంతవరకు నెట్టారో తెలుసా? దుబాయిలో బుర్జ్ ఖలీఫా కట్టేటప్పుడు కాంక్రీటును పైపులోంచి 606 మీటర్ల ఎత్తుకు ఎక్కించారు! నీళ్లు కాదండీ, సిమెంటూ ఇసుకా కంకరా కలిసిన ముద్ద! ఆ పంపు లోపల రెండు సిలిండర్లు. ఒకటి ముద్దను మింగుతుంటే రెండోది కక్కుతుంది. మీ వీధిలో అపార్టుమెంటు స్లాబుకు వచ్చే కాంక్రీటు పంపులోనూ ఇదే ఏర్పాటు. ఆ ‘ధన్... ధన్...’ మోత వంతులు మారే చప్పుడే!

ఇక మొండితనం సంగతి! ఇంట్లో ట్యాంకు నింపే మోటారు సెంట్రిఫ్యూగల్ రకం. ముందున్న వాల్వు మూసేస్తే లోపలున్న నీళ్లనే గిర్రున తిప్పుతూ కూర్చుంటుంది. మొండి పంపుకు ఆ సర్దుకుపోవడం తెలియదు! దారి మూస్తే పీడనం పెంచుకుంటూ పోతుంది. పైపు పగలాలి, సీలు చిరగాలి, లేదా మోటారు ఆగాలి! అందుకే మోటారుతో నడిచే ఇలాంటి పంపు పక్కన సాధారణంగా ఒక రిలీఫ్ వాల్వు ఉంటుంది. కుక్కర్ మూతకు సేఫ్టీ వాల్వు ఎందుకో, ఇదీ అందుకే!

ఇప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకోండి. అదీ మొండి పంపే! గదులు నాలుగు, వాల్వులు నాలుగు. డాక్టరు స్టెతస్కోపులో వినే ‘లబ్-డబ్’ ఆ వాల్వులు మూసుకునే చప్పుడు! గుండె కొట్టుకున్న ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల రక్తం ముందుకు పోతుంది. రోజంతా కూడితే 7,000 లీటర్లు! 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు కూడా దీని ముందు చిన్నదే!

దోమను తేలిగ్గా తీసిపారేయకండి! దాని తలలో రెండు పంపులు ఉన్నాయి. అంత చిన్న తలలో! రక్తం తాగే ఆడదోమ వాటితోనే పీల్చేది.

తలకిందులుగా వేలాడుతూ అరటిపండు తినగలరా? తినొచ్చు! మీ ఆహారనాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద వెనక కండ బిగుసుకుంటుంది, ముందు వదులవుతుంది. అలా నొక్కుకుంటూ పొట్ట దాకా నెట్టుకుపోతుంది. పొట్ట కిందున్నా పైనున్నా దానికి ఒకటే! (ఇంట్లో ప్రయత్నించకండి, పొలమారితే మీకే కష్టం!)

అచ్చం ఆ కిటుకే డయాలసిస్ యంత్రంలోనూ! ఎప్పుడైనా ఆ యంత్రం ముందు భాగాన్ని గమనించారా? గుర్రపు లాడంలా వంచిన మెత్తటి ట్యూబు. మధ్యలో తిరిగే రోలర్లు. రోలరు ట్యూబును నొక్కి పట్టుకుంటూ జరుగుతుంది, ముందున్న రక్తం కదులుతుంది. ఒక రోలరు వదిలేలోగా ఇంకోటి నొక్కేస్తుంది. కాబట్టి రక్తం వెనక్కి పోదు! అసలు అద్భుతం ఏమిటంటే, రక్తం పంపును తాకనే తాకదు! ట్యూబునే తాకుతుంది. పని అయిపోయాక ఆ ట్యూబు తీసేస్తే సరి, పంపును కడగాల్సిన పని లేదు. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిస్తే 72 లీటర్లు తిరిగినట్టు! ఒంట్లో ఉండే రక్తమేమో 5 లీటర్లే.

ఇంకో గుట్టు! గుండె ఆపరేషన్‌లో గుండెను పక్కన పెట్టి దాని పనిని యంత్రానికి అప్పగించొచ్చని 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రుజువైంది. డాక్టర్ జాన్ గిబ్బన్ చేతిలో ఓ 18 ఏళ్ల అమ్మాయి 26 నిమిషాల పాటు పూర్తిగా యంత్రం మీదే బతికింది! గుండె, ఊపిరితిత్తుల పనంతా ఆ యంత్రానిదే!

పెద్ద పంపులే గొప్పవి అనుకోకండి! సుగర్ ఉన్నవాళ్లు నడుముకు పెట్టుకునే ఇన్సులిన్ పంపు గంటకు 0.05 యూనిట్ కూడా ఇవ్వగలదు. అంటే ఎంతో తెలుసా? సెలైన్ సెట్టులో పడే ఒక్క చుక్కలో నూరో వంతు! కంటికి కూడా ఆనదు!

మీ వంటింటి ఆర్వో ఫిల్టరు బిందె నింపేటప్పుడు ‘గుర్ర్’మంటుంది కదా? అదీ ఈ జాతిదే! లోపల పిస్టన్ ఉండదు. రబ్బరు పొరలు ఎగిరెగిరి పడుతూ నీళ్లను నెడతాయి. అడాప్టరు మీద చూడండి, చాలావాటిలో 24 వోల్టులే! ఆ కాస్త కరెంటుతోనే ఉప్పును ఆపేసే పొర గుండా నీళ్లను బలవంతంగా దూరుస్తుంది.

ఏసీ లోపల రెండు సర్పిలాలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయని ఊహించారా? కొన్ని పెద్ద ఏసీల్లో ఉండేది ఈ స్క్రోల్ కంప్రెసరే! ఒక సర్పిలం కదలదు. రెండోది దాని చుట్టూ ఊగుతూ గ్యాసును మధ్యకు నొక్కుకుపోతుంది. దీనికి పేటెంటు ఎప్పటిదంటే 1905! అంత కచ్చితంగా లోహాన్ని చెక్కే యంత్రాలు లేక దశాబ్దాల పాటు కాగితాల్లోనే ఉండిపోయింది!

గ్రహాల దారులు లెక్కగట్టిన కెప్లర్ తెలుసుగా? గేర్ పంపు ఊహ కూడా ఆయనదే! రెండే పళ్ల చక్రాలు. ఆయిల్ వాటి మధ్యలోంచి పోతుందనుకుంటాం. కాదు! పళ్ల సందుల్లో ఇరుక్కుని అంచుల వెంబడి చుట్టూ తిరిగి వస్తుంది! 400 ఏళ్లు గడిచినా ఇంజన్లలో ఆయిల్ తిప్పడానికి ఈ చక్రాలను ఇంకా వాడుతూనే ఉన్నారు.

జేసీబీ చెయ్యి అంత బండను అవలీలగా ఎత్తేస్తుందే, ఆ బలం ఎక్కడిది? ఇంజను తిప్పే ఆయిల్ పంపుది! ఆ ఆయిల్ పీడనం సుమారు 250 బార్. అంటే బొటనవేలి గోరంత చోటు మీద పావు టన్ను బరువు! జేసీబీ పని చూడ్డానికి జనం గుమిగూడితే తప్పేముంది చెప్పండి!

డీజిల్ కారు ఇంకా ఘనం! టైరులో గాలి 2 బార్ చుట్టుపక్కల ఉంటుంది. బానెట్ కింద డీజిల్‌ను నొక్కే పంపు మాత్రం 2,000 బార్ దాకా పోతుంది! అందుకే డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది.

నీళ్లతో ఉక్కును కోయొచ్చు! మొండి పంపు ఇచ్చే 4,000 బార్ పీడనంతో సన్నని రంధ్రంలోంచి దూకించి, కాస్త గరుకు ఇసుక కలిపితే చాలు. గ్రానైటు కూడా కేకులా తెగుతుంది! నమ్మరేమో గానీ, ఇసుక మానేసి నిజం కేకులనూ దాంతోనే కోస్తారు.

బోరు బండి వచ్చినప్పుడు రాతిపొడి, బురద అంతెత్తున ఎగజిమ్ముతాయి. పిల్లలు చుట్టూ చేరతారు. అందరి చూపూ గొట్టం మీదే! అసలు మొనగాడు లారీ మీదున్న కంప్రెసరు. రెండు పెద్ద స్క్రూలు ఒకదానిలో ఒకటి ఒదిగి తిరుగుతూ గాలిని 20 బార్ దాకా నొక్కుతాయి. ఆ గాలే రాయిని కొట్టేది, ఆ గాలే పొడిని పైకి తోసేది!

ఇక చివరిది, జేబుకు పనికొచ్చేది! ఈ పంపును తిరగేస్తే ఏమవుతుంది? కొలిచే మీటరు అవుతుంది! గది నిండినప్పుడల్లా ఒక లెక్క. పెట్రోల్ బంకులో అంకెలు తిప్పేది ఇదే! పెట్రోలే పిస్టన్లను తోసుకుంటూ పోతుంది, తిరిగిన చుట్లే లీటర్లుగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి వాడితే ఏ యంత్రమైనా అరుగుతుంది కదా! అందుకే ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. అనుమానం వస్తే మొహమాటపడకండి. పాత్ర తెప్పించండి, మీ కళ్ల ముందే కొలిచి చూపించమనండి!