‘సెకండ్’ అను పదము

బసంత్‌నగర్ సిమెంటు కార్మికులు, గోదావరిఖని గని కార్మికులు ‘సెకండ్ షిఫ్టు’ అను మాటను నిత్యము పలుకుదురు. పరీక్షలో ‘సెకండ్ క్లాసు’ అనగానే మాత్రము మా ముఖములు వాడును! ఈ పదమునకు అంత తక్కువతనము ఎక్కడిది?

‘థర్డ్’, ‘ఫోర్త్’ అనునవి ‘త్రీ’, ‘ఫోర్’లకు బంధువులు, ‘సెకండ్’కు ‘టూ’తో చుట్టరికము లేదు. పూర్వము ఆంగ్లేయులు ‘రెండవ’ అనుటకు ‘అదర్’ అనెడివారు. దానికే ‘మరియొక’ అను అర్థమును ఉండుటచే చిక్కు కలిగి, ఫ్రెంచి మూలమున లాటిను ‘సెకుందుస్’ను స్వీకరించిరి. ‘అనుసరించునది’ అని దాని మూలార్థము. ఓడను వెన్నంటి నడపు అనుకూలవాయువును సైతము లాటినువారు ఆ మాటతోనే పేర్కొనిరి. గంటను అరువదిగా చీల్చిన తొలి విభాగము నిమిషము. దానిని మరల అరువదిగా చీల్చిన రెండవ విభాగము గనుక ‘సెకండ్’ కాలమానమైనది.

మన ‘రెండవ’, ఉర్దూ ‘దూసరా’ సంఖ్యను విడువలేదు. 2017లో తెలంగాణ అంతటికి ఉర్దూ రెండవ అధికారభాష అయినది. లాటిను లెక్కన, అది తెలుగు వెంట నడచు భాష.