గౌతమి మొగలో మేట, తీరాన కోత

గౌతమీ పాయ నుండి కోరింగ నది చీలే చోట యానాం వెలసింది. మన కాళ్ల కింది నేల నది తెచ్చి ఇచ్చినదే. త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్ల మేర మోసుకువచ్చిన ఒండ్రు తరతరాలుగా పేరుకొని ఈ డెల్టా ఏర్పడింది. మొగలో ఇసుక మేట వేయడం, తీరం కోతకు గురికావడం పరస్పర విరుద్ధాలుగా తోచవచ్చు. నదీప్రవాహంలో మానవుడు తెచ్చిన మార్పులు ఈ రెండింటికీ కారణం కాగలవు.

నది సముద్రాన్ని చేరుతున్నప్పుడు దాని వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ముందుగా అడుగుకు దిగుతుంది. మంచినీటిలో విడివిడిగా తేలే సన్నని బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అతుక్కొని, ముద్దలై దిగుతాయి. మడచెట్ల వేళ్లు ఆ మట్టిని పట్టి నిలుపుతాయి. మొగ దాటిన ఇసుకను అలలు తీరం వెంబడి ఉత్తరానికి తోసుకుపోతాయి. కాకినాడ అఖాతానికి అడ్డుగోడగా నిలిచిన హోప్ ఐలాండ్ ఆ విధంగా ఏర్పడినదే.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసింది. ఆ మేలు కాదనరానిది. అయితే నీరు కాలువలకు మళ్లినందున వేసవిలో మొగను చేరే ప్రవాహం సన్నగిల్లింది. ఎగువన పైఠాన్ వద్ద జాయక్‌వాడి, పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ వంటి జలాశయాలలో నిలిచిన నీటితోపాటు ఒండ్రు కూడా నిలిచిపోతుంది. 1970ల దశకంలో గోదావరి దిగువకు ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేదనీ, 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గిందనీ పరిశోధకులు లెక్కగట్టారు. నదీగర్భంలోని ఇసుక తవ్వకం ఆ లోటును మరింత పెంచుతుంది.

ప్రవాహం బలహీనమైనప్పుడు పోటునీరు సముద్రపు ఇసుకను మొగలోనికి తెస్తుంది. పాటునీరు దానినంతటినీ తిరిగి కడిగివేయలేదు. లోతు తగ్గిన చోట వేటపడవలు పోటుకై వేచియుండవలసి వస్తుంది. వెలుపలి తీరానికి మాత్రం అలలు తీసుకుపోయినంత ఇసుక తిరిగి అందదు; ఆ లోటును నేల తీర్చవలసి వస్తుంది. పూడిక తీయించడం తాత్కాలిక ఉపశమనమే. ఒకచోట రాతికట్ట వేస్తే కోత పక్క తీరానికి జరగవచ్చు.

ఎగువ జలాశయాలు మన చేతిలో లేవు. మన చెంతనున్న మడ అడవి, ఏటి ఇసుక మాత్రం మన బాధ్యత. రొయ్యల చెరువు కోసమో, వంటచెరకు కోసమో మడను నరికితే, అది పట్టి నిలిపిన మట్టి కూడా చెదరిపోతుంది. అనుమతి లేని ఇసుక తవ్వకం కంటబడితే అధికారులకు తెలియజేయాలి. నది ఇంకా తెస్తున్న కొద్దిపాటి మట్టిని నిలుపుకోవడమే మన తీరానికి రక్ష.