అటక మీది కత్తికి రెండు వయసులు

ఉదయగిరి కొండ కింద ఎవరింటి అటక మీదో, ఆత్మకూరు పాత ఇనుము కొట్లోనో తుప్పు పట్టిన కత్తి ఒకటి చేతికొస్తే మొదట వచ్చే మాట, ‘రాయలవారి కాలందేమో!’ ఆ ఆశ ఊరికే పుట్టింది కాదు. ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి పట్టుకున్న దుర్గమది. కానీ ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఆ కోటలో కత్తులు పట్టిన చేతులు మారుతూనే వచ్చాయి. చివరి జాగీర్దారును కుంపణీ వాళ్లు 1839లో చెంగల్పట్టుకు పంపేశారు.

చాలామంది పిడి చూసి కాలం చెప్పేస్తారు. అది పొరపాటు. పిడి పాడైతే కొత్తది వేస్తారు, అలుగు మాత్రం తరాలు దాటుతుంది. దక్కన్‌లో ఐరోపా నుంచి ఓడల మీద దిగిన తిన్నని అలుగులకు ఇక్కడి పిడులు బిగించి ‘ఫిరంగి’ అని పిలిచారు. కాబట్టి అలుగు వయసు వేరు, పిడి వయసు వేరు.

దయచేసి ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి. ఆ తుప్పు కిందే అసలు సాక్ష్యం ఉంటుంది. నిపుణులు ఒక మూల శుభ్రం చేసి పలచని ఆమ్లం తాకిస్తే, నాణ్యమైన పాత ఉక్కు మీద చెరువు నీటి అలల్లా తెల్లని, నల్లని చారలు తేలతాయి. ఒకటిన్నర శాతం దాకా కర్బనం ఉన్న మూస ఉక్కు గుర్తది. మన ‘ఉక్కు’ మాటే ఇంగ్లీషువాళ్ల నోట ‘వూట్జ్’ అయిందంటారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కొలిమిలో కాల్చి దీన్ని తీసేవారు. 1820లలో అక్కడికి వెళ్లిన వాయిజీ అనే వైద్యుడికి, ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఎదురయ్యాడు! ఆ చారలకు ఖనిజంలోని లేశమాత్రపు వనేడియం కారణమని 1998లో వెర్‌హోవెన్, పెండ్రే చూపించారు.

చారలు లేనంత మాత్రాన కత్తి కొత్తదని కాదు, మామూలు ఇనుముతో చేసినవే ఎక్కువ. అప్పుడు ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం పనికొస్తుంది. పన్నెండు, పదమూడు శాతం క్రోమియం కనబడితే అది స్టెయిన్‌లెస్ ఉక్కు, 1913కు ముందుది కానేకాదు. అయితే ఈ యంత్రం కర్బనాన్ని కొలవలేదు. దానికి సూక్ష్మదర్శిని కిందికి వెళ్లాల్సిందే.

కట్టెబొగ్గుతో చేసిన ఉక్కులో ఆ చెట్టు కర్బనమే దాగి ఉంటుంది. మిల్లీగ్రాము దొరికితే చాలు, రేడియోకార్బన్ పరీక్ష చేయొచ్చు. రాక్షసి బొగ్గుతో చేసిందైతే వేల ఏళ్ల తప్పుడు లెక్క వస్తుంది. 1650 తర్వాతి కాలానికి ఈ పద్ధతి సరిగ్గా తేల్చలేదు. అయినా రాయల కాలమా, జాగీర్దార్ల కాలమా అన్న మన ప్రశ్నకు అది చాలావరకు సరిపోతుంది.

మరి పిడి వయసో? తల్వారు పిడి లోపల బోలుగా ఉంటుంది. అందులో లక్క కరిగించి పోసి, అలుగు తోకను దింపి బిగిస్తారు. లక్క పురుగు చెట్టు రసం తాగి చేసిన పదార్థం, అందులోనూ కర్బనమే. పిడి వదులైందని పొయ్యి మీద కాచి, పాత లక్క గీకి పారేయకండి. ఆ రెండో వయసు చెప్పగలిగేది అదే కావచ్చు.